‘97 దాకా వెళ్తాం’ అని నోరు జారాం, ఇప్పుడెలా?

ఇరవై నాలుగేళ్లు ఇళ్లు చూపించాను. ఎండలో గేట్ల ముందు నిలబడి ఓనర్ల కోసం ఎదురుచూశాను. కుదిరిన బేరాలకన్నా చెడిన బేరాలే ఎక్కువ చూశాను. మోకాళ్లు మొరాయించాక ఆ పని మానేసి ఈ శీర్షికలో కూర్చున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి బేరం గురించే. ఎవరి ఊరు, ఎవరి ధర అన్న వివరాలు తీసేశాను. ఇల్లు ఎక్కడిదైనా ఓనరు అడిగిన ధరను 100 అనుకుందాం. లెక్క అందరికీ పనికొస్తుంది, ఉత్తరం రాసినవాళ్ల గుట్టూ బయటపడదు.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం, మొదటిసారి ఇల్లు కొంటున్నాం. గేటుకు కట్టిన బోర్డు మీది నంబరుకు ఫోను చేస్తే ఒక ఏజెంటు వచ్చి చూపించాడు. ఇద్దరికీ నచ్చింది. మనిషి చాలా మర్యాదస్తుడు, తన కారులోనే మమ్మల్ని ఇంటి దగ్గర దింపాడు. దారిలో ‘మీరు ఎంతవరకు రాగలరు సార్?’ అని అడిగితే మావారు ‘92తో మొదలుపెడదాం, కుదరకపోతే 97 దాకా వెళ్తాం’ అనేశారు. మర్నాడు ఫోను చేసి ‘ఓనరు 97కి పైసా తగ్గనంటున్నారండీ’ అన్నాడు. సరిగ్గా అదే అంకె! ఇది మోసం కాదా? వెనక్కి వచ్చే దారేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మోసం అనడానికి నాకు నోరు రావడం లేదమ్మా. ఆయన అబద్ధం ఆడలేదు, మీరు అడగని విషయం చెప్పలేదంతే. ఇల్లు చూపించాడు, కారు ఎక్కించుకున్నాడు, నవ్వుతూ మాట్లాడాడు. దాంతో మన మనిషి అయిపోయాడు. కానీ ఆ బోర్డు కట్టించింది ఎవరు? ఓనరు. ఆయనతో ఒప్పందం రాసుకున్నది ఎవరు? ఓనరు. అలాంటి ఏజెంటు చెవిలో పడ్డ అంకెను ఓనరుకు చేరవేయడం ఆయన ఉద్యోగం. చేరవేయకపోతేనే ఉప్పు తిన్నచోట తప్పు చేసినట్టు.

ఈ పని నేనూ చేశాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో రిటైరయిన మాస్టారు ఒకాయన ఇల్లు చూసుకుని నాతో పాటు బస్టాపు దాకా నడిచారు. ‘మా అబ్బాయికి చెప్పకమ్మా, 95 వరకు తెగిస్తాను’ అన్నారు. అబ్బాయికి చెప్పలేదు. సాయంత్రం ఓనరుకు చెప్పాను, ‘తొందరపడకండి, 95 వస్తుంది’ అని. 95కే తెగింది. కాగితాల మీద సంతకాలయ్యాక ఆయన నాకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి ‘నీ వల్లే 5 తగ్గించారు తల్లీ’ అన్నారు. ఆ ఓనరు 90కి కూడా సిద్ధంగా ఉన్నాడని నాకు తెలుసు. రూలు ప్రకారం నేను తప్పు చేయలేదు. ఆ దణ్ణం మాత్రం ఇన్నేళ్లయినా మరుపుకు రాలేదు.

కాబట్టి ఇల్లు చూడకముందే, గేటు దగ్గరే అడగాల్సిన మాటలు మూడున్నాయి. ‘మీరు ఎవరి తరఫున?’ ‘మీకు డబ్బు ఎవరిస్తారు?’ ‘నేను మీతో అన్నది ఓనరుకు చెప్తారా?’ సిగ్గుపడాల్సిన పని లేదు. మంచి ఏజెంటు అయితే ఈ ప్రశ్నలను గౌరవిస్తాడు, నీళ్లు నమిలితే మీకు కావలసిన జవాబు వచ్చేసినట్టే. కొన్నిచోట్ల తాను ఎవరి పక్షమో ముందే కాగితం మీద చెప్పాలని చట్టమే అంటుంది. ఒకే ఏజెంటు ఇద్దరి తరఫునా ఉండడాన్ని కొన్నిచోట్ల ఒప్పుకోరు, కొన్నిచోట్ల ఇద్దరూ తెలిసి సంతకం పెడితే సరే అంటారు. మీ దగ్గర ఏది నడుస్తుందో లాయరును ఒక్కసారి అడగండి.

‘మరి మా తరఫున ఏజెంటును పెట్టుకుంటే అంతా చెప్పేయొచ్చా?’ అంటారేమో. అక్కడా కాస్త ఆగండి. కమిషన్ ధరలో 2 శాతం అనుకోండి. ఓనరు జేబులోంచి 50 పోతే ఏజెంటు జేబులోంచి పోయేది 1. అదే బేరం చెడిపోతే ఓనరుకు ఇల్లు మిగులుతుంది, ఏజెంటుకు తిరిగిన తిరుగుడు మిగులుతుంది. అందుకే ధర కాస్త పెరగడం, తగ్గడం మాకు అంత పట్టదు, బేరం తెగడమే ముఖ్యం. మీ తరఫు ఏజెంటు లెక్క కూడా ఇదే. ఆయనకైతే ధర పెరిగితే కమిషన్ కూడా ఇసుమంత పెరుగుతుంది! ఆయన దుర్మార్గుడని కాదు, ఆయన జీతం రాసిన తీరు అలాంటిది.

దీన్ని లెక్కగట్టి చూపించినవాళ్లూ ఉన్నారు. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు షికాగో పరిసరాల్లో సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. వాటిలో మూడు వేల పైచిలుకు ఏజెంట్ల సొంత ఇళ్లు. అలాంటి మిగతా ఇళ్లతో పోల్చి చూస్తే ఏజెంట్లు తమ ఇంటిని 9 రోజులకు పైగా ఎక్కువ ఆపుకున్నారు, 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారు. తనను పెట్టుకున్న ఓనరుకు ‘వచ్చిన ధరకు ఇచ్చేయండి’ అని సలహా చెప్పే నోరు సొంత ఇంటికి వచ్చేసరికి ‘ఇంకో వారం చూద్దాం’ అంటుంది. ఆ పత్రం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. మా ఇల్లు అమ్మినప్పుడు నేనూ రెండు మంచి బేరాలు వదిలేసి మూడోదాని దాకా ఆగాను మరి.

ఇక మీ సంగతి. ఆ 97 నోటిమాట. ఓనరు అన్నదీ నోటిమాటే, మీవారు అన్నదీ నోటిమాటే. ఇద్దరూ ఒప్పుకున్నదీ లేదు, కాగితమూ పుట్టలేదు, కాబట్టి బేరం ఇంకా పుట్టలేదు. కానీ ‘మేం అలా అనలేదు’ అని బుకాయించకండి, పరువు పోతుంది. ‘ఆ రోజు గోడలు చూసి అన్న మాటండీ అది, ఇంకా లోపల చూడలేదు, ఖర్చులు లెక్కేసుకోలేదు’ అనండి. అది నిజం కూడా. తెలిసినవాళ్ల చేత ఇల్లు తనిఖీ చేయించండి. పైకప్పు, గోడల చెమ్మ, నీటి గొట్టాలు, కరెంటు తీగలు చూడమనండి. బాగుచేయడానికి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. రిజిస్ట్రేషన్ ఖర్చులు, అప్పు తాలూకు ఫీజులు, కమిషన్ అన్నీ కలిపి చూస్తే మీ 97 అసలు ఎంతవుతుందో తెలుస్తుంది. అప్పుడు రాతపూర్వకంగా కొత్త ధర ఇవ్వండి. దానికి కారణం జత చేయండి, గడువు పెట్టండి: ‘ఈ ధర ఫలానా తేదీ సాయంత్రం వరకు.’ తర్వాత ఫోను మీరు చేయకండి. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం. మీవారి ఫోను కూడా మీ దగ్గరే పెట్టుకోండి.

ఇంకో మాట. వెతికి వెతికి అలాంటి ఇల్లు మళ్లీ దొరకదనిపించి, 97 మీ లెక్కలో ఇమిడేదే అయితే కొనేయండి. ‘మా అంకె వాడికి తెలిసిపోయింది’ అన్న ఉక్రోషంతో మంచి ఇల్లు వదిలేసి, ఏడాది తర్వాత ఆ వీధిలో తల తిప్పుకుని నడిచేవాళ్లను నేను చూశాను. ఎటువైపు తిప్పుకున్నా ఆ ఇల్లు అక్కడే ఉంటుంది.

వచ్చేసారికి మాత్రం ఒక పని చేయండి. ఇల్లు చూడడానికి వెళ్లే ముందు రాత్రి ఇద్దరూ కూర్చుని మూడు అంకెలు రాసుకోండి: మొదట చెప్పేది, హాయిగా ఇవ్వగలిగేది, దాటితే లేచి వచ్చేసేది. మూడోది ఇంటి బీరువాలో ఉండాలి, ఏజెంటు కారులో కాదు. ‘ఎంతవరకు రాగలరు?’ అని అడిగితే ‘ఇంటిని బట్టి’ అనండి. అబద్ధం కాదు, జవాబూ కాదు. ఇద్దర్లో ఒక్కరే మాట్లాడండి, ఎవరో ఇంటి దగ్గరే తేల్చుకోండి. మీవారిని మరీ సాధించకండి, కారులో ఏసీ చల్లగా ఉంటే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది.

ప్రశ్న: 100 చెబుతున్న ఇంటికి 80 ఇస్తామని చెప్పమంటే మా ఏజెంటు నవ్వి, ‘ఓనరు మొహం మీదే తలుపేస్తాడు, కనీసం 95 అయినా అనండి’ అంటున్నారు. తక్కువ అడిగితే అవమానించినట్టా? ఎంత తక్కువ అడగొచ్చు?
– బ్యాచిలర్ పాఠకుడు

జవాబు: 80 అవమానం కాదు బాబూ, ‘ఎందుకు 80’ అంటే చెప్పలేకపోవడం అవమానం.

అసలు ఆ 100 ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించారా? ఇంటికి అంత విలువ ఉండి రావచ్చు. పక్కింటివాళ్లు అంత చెప్పారని రావచ్చు. కూతురి చదువుకు అంత కావాలి కాబట్టి రావచ్చు. ఒకసారి కాగితం మీద పడ్డాక మాత్రం అది ఇంటి బరువులా అందరి నెత్తిన కూర్చుంటుంది. గ్రెగరీ నార్త్‌క్రాఫ్ట్, మార్గరెట్ నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఏజెంట్లనే పిలిచి ఒక ఇల్లు చూపించారు. కొందరికి ఓనరు ఎక్కువ ధర అడుగుతున్నట్టు, కొందరికి తక్కువ అడుగుతున్నట్టు వేర్వేరు కాగితాలిచ్చి, ఈ ఇంటి అసలు విలువ ఎంతో మీరే చెప్పమన్నారు. ఇల్లు ఒక్కటే. అయినా ఎక్కువ అంకె చూసినవాళ్లు ఎక్కువ కట్టారు, తక్కువ చూసినవాళ్లు తక్కువ కట్టారు. దేన్ని బట్టి కట్టారని అడిగితే అడిగిన ధరను చూసి అని ఒప్పుకున్నవాళ్లు కొద్దిమందే. ఇది 1987 నాటి మాట. కళ్ల ముందు అంకె ఉంటే మా అనుభవం కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. మీ ఏజెంటు ‘కనీసం 95’ అనడంలో కూడా ఆ 100 ఉంది, చూడండి.

అందుకే 100ను పక్కన పెట్టి వేరే చోటి నుంచి మొదలుపెట్టాలి. ఆ చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఈమధ్య ఎంతకు అమ్ముడయ్యాయి? ఎంత అడిగారన్నది కాదు, ఎంతకు తెగాయన్నది. ఈ ఇల్లు ఎన్నాళ్ల నుంచి అమ్మకంలో ఉంది? మొదట ఎంత చెప్పారు, ఇప్పటికే ఒకసారి తగ్గించారా? ఓనరు ఎందుకు అమ్ముతున్నారు, ఎప్పటికి డబ్బు కావాలి? ఈ నాలుగూ మీ ఏజెంటును అడగండి. తెలుసుకుని వస్తే మంచివాడు, ‘అవన్నీ మనకెందుకు సార్’ అంటే ఇంకొకరిని వెతుక్కోండి. అలాంటి మూడిళ్లు 86, 88, 87కి తెగాయనుకోండి. అప్పుడు 80 కాదు, 82తో మొదలుపెట్టండి, దాని పక్కన ఆ మూడు అంకెలూ ఉంటాయి. తలుపు వేయరు. విసుక్కుంటారు, ఎదురు ధర చెప్తారు. మనకు కావలసింది ఆ ఎదురు ధరే.

అయితే కొందరు ఓనర్లు దేనికీ దిగరు. వాళ్లు ధరలు మండిపోతున్నప్పుడు కొన్నవాళ్లు. కొన్న ధరకన్నా తక్కువకు అమ్మడమంటే పోగొట్టుకున్నట్టు లెక్క, మనసొప్పదు. బోస్టన్ నగరంలో అపార్ట్‌మెంట్ల అమ్మకాల మీద 2001లో వచ్చిన ఒక అధ్యయనంలోనూ ఇదే తేలింది. నష్టానికి అమ్మాల్సి వచ్చినవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ ధర చెప్పారు, ఎక్కువ రోజులు కూర్చున్నారు. అలాంటివారితో వాదించి లాభం లేదు. మీ ధర కాగితం మీద ఇచ్చి, ఇంకో ఇల్లు చూసుకోండి. రెండు నెలలకు వాళ్లే ఫోను చేసిన సందర్భాలు నా దగ్గర ఉన్నాయి, చేయని సందర్భాలు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి.

పెంచేటప్పుడు మెట్లు చిన్నవి చేసుకుంటూ పోండి. 82 నుంచి 86, తర్వాత 88, తర్వాత 88.5. అవతలివాడికి చెప్పకుండానే అర్థమవుతుంది, బావిలో నీళ్లు అడుగంటుతున్నాయని. ఒక్కో విడతకూ సమానంగా 4 చొప్పున పెంచితే ఇంకా ఉన్నాయనుకుంటాడు. అలాగే ఆయన తగ్గకుండా మీరు రెండుసార్లు వరసగా పెంచకూడదు. ‘ఇంకొంచెం చెప్పండి, నేను ఒప్పిస్తాను’ అని ఏజెంటు అంటే ‘ముందు వాళ్ల జవాబు తీసుకురండి’ అనండి. మీతో మీరే బేరమాడుకోవడం నేను చూసిన తప్పుల్లో అతి ఖరీదైనది.

బేరమంటే ధర ఒక్కటే కాదని కూడా గుర్తుపెట్టుకోండి. ఒక పెద్దావిడ ఇల్లు అమ్మించాను. ఒకాయన 96 ఇస్తానన్నాడు, నెల తిరక్కుండా ఖాళీ చేయమన్నాడు. ఇంకో జంట 93 ఇచ్చి, మనవడి పరీక్షలయ్యే దాకా ఉండమన్నారు. ఆవిడ 93కే ఇచ్చింది. మా ఆఫీసులో అందరూ ఆవిడకు లెక్కలు రావన్నారు. నాకేమో ఆవిడకే బాగా వచ్చనిపించింది. కొనేవాళ్లు చేసిందల్లా ‘ఎప్పుడు ఖాళీ చేయగలరమ్మా?’ అని ఒక్క ప్రశ్న అడగడం.

ప్రశ్న: ‘ఇంకా ముగ్గురు పోటీలో ఉన్నారు. రాత్రి పదిలోగా చెప్పాలి. తనిఖీ అవీ అక్కర్లేదంటే, అప్పు మంజూరు కాకపోతే అన్న షరతు తీసేస్తే ఇల్లు మీదే’ అంటున్నాడు ఏజెంటు. ఈ ముగ్గురూ నిజంగా ఉన్నారో లేదో ఎలా తెలుసుకోవాలి? ఈ ఉత్తరం మీకు చేరేసరికి ఆ రాత్రి ఎలాగూ గడిచిపోతుంది, అయినా రాస్తున్నాను.
– ఒక గృహిణి

జవాబు: తెలుసుకోలేరమ్మా. ఉండొచ్చు, లేకపోవచ్చు. లేనివాళ్లను ఉన్నారని చెప్పడం చాలాచోట్ల వృత్తి నియమాలకు విరుద్ధం, అయినా చెప్పేవాళ్లున్నారు. నేను చెప్పలేదు గానీ, ‘చాలా ఫోన్లు వస్తున్నాయండీ’ అని మాత్రం అనేదాన్ని. ఫోన్లు వచ్చేవి, అందులో సగం మా అక్కవి.

కానీ ముగ్గురు ఉన్నా ముప్ఫై మంది ఉన్నా మీ మూడో అంకె మారకూడదు. ఇల్లు మీకు ఎంత విలువో నిన్న సాయంత్రానికి ఒక లెక్క ఉంది కదా, ఈ రాత్రికి అది పెరగడానికి ఇంటికి కొత్త గది మొలవలేదు. పోటీలో గెలవడం గురించి నాకిష్టమైన సంగతి ఇళ్ల వ్యాపారం నుంచి రాలేదు, చమురు బావుల నుంచి వచ్చింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రంలో చమురు తవ్వే హక్కుల కోసం కంపెనీలు మూసిన కవర్లలో ధరలు వేసేవి. గెలిచిన కంపెనీలకు లాభాలు అనుకున్నంత రావడం లేదెందుకని ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఒక పత్రం రాశారు. సంగతేమిటంటే, కింద ఎంత చమురుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. కొందరు తక్కువ ఊహిస్తారు, కొందరు ఎక్కువ. పాట ఎవరికి దక్కుతుంది? అందరికన్నా ఎక్కువ ఊహించినవాడికి. అంటే ఎక్కువ పొరబడినవాడికి. పోటీదారులు పెరిగేకొద్దీ ఆ పొరపాటు కూడా పెరుగుతుంది. కాబట్టి ‘చాలామంది ఉన్నారు’ అన్నప్పుడు గుండె వేగం పెరగొచ్చు గానీ ధర పెరగకూడదు.

ఏజెంటును అడగాల్సింది వేరే ఉంది. ధరలు ఎలా తీసుకుంటున్నారు, అందరివీ ఒకేసారి తెరుస్తారా, లేక ఎవరి అంకె వాళ్ల చెవిన వేసి పెంచుతారా? మీ ధరను అవతలివాళ్లకు చెప్తారా? జవాబు మెసేజ్‌లో ఇమ్మనండి. రాయమనేసరికి ముగ్గురు ఒక్కరైన సందర్భం నాకు తెలుసు.

తనిఖీ వదులుకోమన్న మాట దగ్గర మాత్రం నేను గట్టిగా చెప్తాను. వదులుకోకండి. తొందర ఓనరుదే అయితే గడువు తగ్గించండి: ‘పదిహేను రోజులు అక్కర్లేదు, మూడు రోజుల్లో చూసుకుంటాం.’ లేదా ధర చెప్పకముందే మీ ఇంజనీరును తీసుకెళ్లండి. ఎవరూ దొరక్కపోతే మీరే ఒక గంట గడపండి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార చూడండి. గిన్నెలు కడిగే తొట్టి కింద అల్మారా తలుపు తీసి లోపల చెక్క తడిమి చూడండి. పైకప్పు మూలల్లో గోధుమరంగు మరకలున్నాయేమో చూడండి. తలుపులు, కిటికీలు మూసి తెరవండి, ఎక్కడైనా పట్టేస్తే గోడ కుంగిందేమోనని అనుమానించండి. వాన పడిన మర్నాడు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటికంతా పాత రంగు ఉండి ఒక్క గదికే, అందులోనూ ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే ఎందుకో అడగండి. నేను కొన్న మొదటి ఇంట్లో అలాంటి గోడ ఒకటి ఉండేది. తెల్లగా, అందంగా ఉండేది. ఆ కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతుంటే కుర్చీ ఎక్కడ వేసుకోవాలా అని ఆలోచించాను తప్ప ఇంకేం ఆలోచించలేదు. అప్పటికే నేను ఏజెంటునై ఆరేళ్లు. మొదటి వానాకాలానికి రంగు పొక్కులుగా లేచి, వెనక నుంచి బూజు పలకరించింది.

ఇక అప్పు షరతు. ‘బ్యాంకు అప్పు ఇవ్వకపోతే బయానా వెనక్కి ఇవ్వాలి’ అన్న ఒక్క వాక్యం తీసేస్తే, బ్యాంకు కాదన్న రోజున బయానా పోతుంది. బ్యాంకువాళ్లు ఇంటికి కట్టే విలువ మీ ధరకన్నా తక్కువైనా తేడా మీరే పెట్టాల్సి వస్తుంది. చేతిలో మొత్తం డబ్బు ఉన్నవాళ్లకు అది ధైర్యం, లేనివాళ్లకు జూదం. ముందే బ్యాంకు దగ్గరకు వెళ్లి ఎంతవరకు ఇస్తారో కాగితం తెచ్చుకుంటే ఆ షరతు ఉన్నా ఓనరుకు భయం తగ్గుతుంది. అయితే ఆ కాగితం మీది అంకె ఏజెంటుకు చూపించకండి. మీరు వేస్తున్న ధరకు సరిపడా మాత్రమే రాసివ్వమని బ్యాంకువాళ్లను అడగొచ్చు.

ప్రశ్న: ఒక ఏజెంటు చూపించిన ఇంటినే తెలియక మరో ఏజెంటు కూడా చూపించాడు. రెండోవాడు తక్కువకు ఇప్పిస్తానంటున్నాడు. ఇద్దరికీ కమిషన్ ఇవ్వాలా?
– విశ్రాంత ఉద్యోగి

జవాబు: మొదటాయనతో మీరు ఏదైనా సంతకం పెట్టారేమో ముందు చూసుకోండి సార్. పెట్టి ఉంటే ఎవరు చూపించినా కమిషన్ తనకే అన్న వాక్యం అందులో ఉండే అవకాశం ఉంది. సంతకం లేకపోతే ఇద్దరితోనూ ఈ రోజే దాచకుండా చెప్పేయండి. వాళ్లలో వాళ్లు పంచుకోవడం ఈ వృత్తిలో కొత్త కాదు. ‘ఇద్దరిలో ఎవరికి ఎంతైనా, మొత్తం ఇంతే’ అని రాయించుకోండి. తక్కువకు ఇప్పిస్తానన్నవాడు ఎవరి డబ్బు తగ్గిస్తున్నాడో కూడా అడగండి, ఓనరుదా లేక మొదటి ఏజెంటుదా? ఇకపై ఎవరైనా ‘ఒక ఇల్లుంది రండి’ అంటే బయల్దేరే ముందే చిరునామా పంపమనండి.

ప్రశ్న: బేరం కుదిరింది. అల్మారాలు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు వదిలేసి వెళ్తామని ఓనరు మా ఇద్దరి ఏజెంట్ల ముందే మాటిచ్చారు. ఒప్పందంలో అవి లేవు. అడిగితే ‘పెద్దమనుషుల మాట, రాతెందుకండీ’ అంటున్నారు. మరీ పట్టుబడితే బాగుండదేమో!
– కొత్త ఇంటివారు

జవాబు: బాగుంటుంది. ఇంగ్లండులో 1677లోనే ఒక చట్టం తెచ్చారు. భూమి అమ్మకం ఒప్పందాలు రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, లేకపోతే కోర్టుకు రావద్దని. అప్పటి పెద్దమనుషులు కూడా మాట మీద నిలబడేవాళ్లేననే అందరూ అనుకుని ఉంటారు, అయినా ఆ చట్టం అవసరమైంది.

గోడకు బిగించినవి ఇంటితో వస్తాయి, విడిగా ఉన్నవి ఓనరుతో పోతాయి అన్నది చాలాచోట్ల నడిచే పద్ధతి. గొడవలన్నీ ఆ రెంటికీ మధ్య ఉన్నవాటితోనే. అల్మారా గోడకు ఆనించారా, మేకు కొట్టారా? మోటారు బిగించిందా, పెట్టిందా? మీ ఏజెంటుకు ఈ పని అప్పజెప్పండి, కమిషన్ తీసుకుంటున్నది ఇందుకే. ఓనరుతో మొహమాటం ఉంటే ఆ మాట ఏజెంటు నోటి నుంచి వస్తుంది, మీ స్నేహం చెడదు. ఒప్పందానికి ఒక పేజీ జత చేసి, గది గదికీ ఏముందో రాయించి, ఫోటోలు తీసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించండి. తాళాలు తీసుకునే రోజున, మిగతా డబ్బు ఇవ్వకముందు, ఆ పేజీ చేతిలో పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి.

అంకెలు కూడా వేయించండి. అల్మారాలు మూడు, ఫ్యాన్లు ఆరు, మోటారు ఒకటి. నా దగ్గర కొన్న ఒకాయన అంకె వేయకుండా ఊరికే ‘ఫ్యాన్లు’ అని రాయించుకున్నాడు. తలుపు తీసేసరికి ఆరింట్లో రెండు మిగిలాయి. ఫోను చేస్తే ఓనరు, ‘రెండైనా బహువచనమే కదండీ’ అన్నాడట.